స్టీమ్‌పంక్ నవలలు చదవడం ఎలా: ఆవిరి, ప్రేమ, మిస్టరీ, సాహసం కలిసిన కథలకు సమగ్ర మార్గదర్శి

స్టీమ్‌పంక్ నవల మొదలుపెట్టి యాభై పేజీల దగ్గర పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. కథ బాగాలేక కాదు, ఒకేసారి మూడు బరువులు నెత్తిన పడతాయి. నూట యాభై ఏళ్ల కిందటి లండన్ ఇంగ్లిష్ ఒకటి. ఎన్నడూ చూడని యంత్రాల పేర్లు రెండోది. ఎవరు ఎవరి ముందు ఎలా నడుచుకోవాలో చెప్పే అప్పటి మర్యాదలు మూడోది. దానికి తోడు ఒకే పుస్తకంలో హత్య, ప్రేమ, గగనయానం కలిసి పరుగెడుతుంటే దేన్ని పట్టుకోవాలో తోచదు. ఈ బరువులను ఒక్కొక్కటిగా దించుకునే పద్ధతి ఇక్కడ చెబుతున్నాం. వరంగల్, హనుమకొండ, కాజీపేట నుంచి మంచిర్యాల, గోదావరిఖని దాకా ఉన్న పాఠకులను మనసులో పెట్టుకుని రాస్తున్నాం. బొగ్గుబాయి సైరన్ విని పెరిగిన ప్రాంతం ఇది. ఈ సాహిత్యం ఇక్కడివాళ్లకు అనుకున్నంత పరాయిది కాదు.

ముందుగా, ఇది ఏ రకం కథ?

ఆవిరి యుగం ఆగిపోకుండా సాగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించే కథ. పెట్రోలు, కరెంటు, కంప్యూటర్ చిప్పు రావలసిన చోట బొగ్గు, ఆవిరి, ఇత్తడి పళ్లచక్రాలు ఉంటాయి. కాలం ఎక్కువగా విక్టోరియా రాణి పాలించిన 1837-1901 మధ్యది. ఈ పేరు పెట్టింది అమెరికన్ రచయిత కె.డబ్ల్యూ. జీటర్. తానూ, టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ రాస్తున్న కథలను ఏమని పిలవాలన్న ప్రస్తావనలో 1987లో 'లోకస్' పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ మాట వాడారు. జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్ ఈ రకానికి పెద్దదిక్కులు. అయితే వాళ్లు తమ కాలంలో నిలబడి ముందుకు చూశారు. స్టీమ్‌పంక్ రచయితలు మన కాలంలో నిలబడి వెనక్కి చూస్తారు. అందుకే ఇందులో అప్పటి వైభవంతో పాటు అప్పటి అన్యాయం గురించిన ఎరుక కూడా ఉంటుంది, ఉండాలి.

మన జానపద కథల్లో కీలుగుర్రం మర తిప్పగానే ఎగురుతుంది. అది దేని బలంతో ఎగిరిందని ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. స్టీమ్‌పంక్‌లో మాత్రం ఆ ప్రశ్నే తాళంచెవి. ఈ యంత్రం దేనితో నడుస్తోంది? దానికి మేత వేసేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలు చేతిలో ఉంటే సగం నవల దానంతటదే విప్పుకుంటుంది.

అడుగు 1: పుస్తకం తెరవకముందే ఒక బాయిలర్‌ను అర్థం చేసుకోండి

ఒక గంట చాలు. రైలింజన్ బాయిలర్ బొమ్మ ఒకటి ముందు పెట్టుకోండి. వెనక నిప్పుపెట్టె ఉంటుంది. అందులోని వేడి పొగ సన్నటి గొట్టాల గుండా ముందుకు పోతుంది. గొట్టాల చుట్టూ నీళ్లు. లీటరు నీరు మామూలు గాలి పీడనంలో ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ చోటు దొరకనివ్వకుండా ఇనుప పీపాలో బంధిస్తే పీడనం పుడుతుంది. 19వ శతాబ్దం చివరి రైలింజన్లలో అది చదరపు అంగుళానికి దాదాపు 140 నుంచి 180 పౌండ్లు. ఇప్పటి కారు టైరులో ఉండేది 30, 35. రెగ్యులేటర్ తెరిస్తే ఆవిరి సిలిండర్‌లోకి దూకి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ కడ్డీని, కడ్డీ క్రాంకును, క్రాంకు చక్రాన్ని తిప్పుతాయి. నవలలో ఎంత వింత యంత్రం వచ్చినా లోపల ఉండేది చాలావరకు ఇదే.

ఇక అది ఎందుకు పేలుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ నవలల్లో బాయిలర్లు తరచూ పేలుతుంటాయి. నిప్పుపెట్టె పైకప్పు రేకు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. నీటి మట్టం దానికంటే దిగితే రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది, పీడనానికి చినిగిపోతుంది. ఆ క్షణంలో మిగతా నీరంతా ఒక్కపెట్టున ఆవిరవుతుంది. అందుకే ఫైర్‌మన్ (ఇంజన్‌లో బొగ్గు వేసి నిప్పు చూసేవాడు) కన్ను బాయిలర్ మీదున్న నిలువు గాజుగొట్టాన్ని వదలదు. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందులో కనిపిస్తుంది. మడ్డి పట్టి దాని దారి మూసుకుపోతే గాజులో నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, బాయిలర్‌లో మాత్రం ఉండవు. కాబట్టి మధ్యమధ్య దాని కుళాయి తిప్పి ఆవిరితో ఊదించి, నీళ్లు మళ్లీ ఎక్కే వేగం చూస్తారు. మెల్లగా ఎక్కితే గొట్టం నమ్మదగ్గది కాదు. ఇవి కాక రెండు రక్షణలున్నాయి. పీడనం హద్దు దాటితే దానంతటదే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ఒకటి. పైకప్పు రేకులో బిగించిన సీసపు బిరడా రెండోది. నీళ్లు తగ్గితే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి నిప్పు మీదకు చిమ్మి హెచ్చరిస్తుంది.

ఇంత వివరం ఎందుకంటే, మిస్టరీలో సేఫ్టీ వాల్వ్‌ను ఎవరో కట్టేశారని వస్తే అది తెలిసి చేసిన పని. నీళ్లు తగ్గి పేలిందని వస్తే నిర్లక్ష్యం కావచ్చు, ఎవరైనా గాజుగొట్టం దారి మూసి ఉండవచ్చు. అనుమానితుల జాబితా రెండు సందర్భాల్లో వేరు. ఇది తెలిసిన పాఠకుడు డిటెక్టివ్ కంటే ఒక అడుగు ముందుంటాడు.

కాజీపేటలో ఒకప్పుడు స్టీమ్ లోకో షెడ్ ఉండేది. ఆ పని చేసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉంటారు. మీ బంధువుల్లో అలాంటి పెద్దాయన ఉంటే కూర్చోబెట్టి, నిప్పు ఎలా పరిచేవారు, ఎత్తు ఎక్కేముందు ఏం చేసేవారు అని అడగండి. ఏ నవలా ఇవ్వని వివరం అక్కడ దొరుకుతుంది.

బాయిలర్ తర్వాత గడియారం. మెయిన్ స్ప్రింగ్ బలాన్ని దాచుకుంటుంది, పళ్లచక్రాలు దాన్ని పంచుతాయి, ఎస్కేప్‌మెంట్ ఆ బలాన్ని ఒక్కో పంటిగా విడుదల చేస్తుంది, టిక్ టిక్ మనే చప్పుడు దానిదే. కీ ఇస్తే నడిచే మనుషులు, పక్షులు, సాలెపురుగులు నవలలో కనిపించినప్పుడల్లా ఈ మూడింటినీ తలచుకోండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారాన్ని ఒకసారి దగ్గరగా చూడటం ఎన్నో పేజీల వర్ణనకు సమానం. ప్రతి గంటకూ చిన్న గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు వెళితే ఎక్కువసేపు చూడవచ్చు. శుక్రవారం మ్యూజియం సెలవు.

మూడోది గాలిఓడ. ఇక్కడ ఒక్క చిక్కు తెలిస్తే చాలు. గాలికంటే తేలికైన, మండని వాయువు హీలియం. దాని జాడ మొదట కనిపించింది 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణం వేళ. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ ఆ గ్రహణాన్ని గమనించింది మన గుంటూరు నుంచే. కానీ భూమ్మీద ఆ వాయువును పట్టుకున్నది 1895లో. అంటే విక్టోరియా కాలపు గాలిఓడలో ఉండేది హైడ్రోజన్, అది నిప్పురవ్వ తగిలితే మండుతుంది. బొగ్గు నిప్పునూ హైడ్రోజన్‌నూ ఒకే ఓడలో ఎలా ఉంచారన్న ప్రశ్నకు రచయిత జవాబు చూపించాలి. 1852లో ఆన్రీ జిఫార్ పారిస్ నుంచి దాదాపు 27 కిలోమీటర్లు ఆవిరి గాలిఓడలో ప్రయాణించినప్పుడు ఇంజన్‌ను హైడ్రోజన్ సంచికి చాలా కింద వేలాడదీసి, పొగగొట్టాన్ని కిందికి తిప్పాడు. మంచి రచయిత ఇలాంటి ఉపాయమేదో చెబుతాడు. చెప్పకపోతే ఆ ఓడ అట్టముక్క మీది బొమ్మే.

అడుగు 2: మూడింటిలో ఏది ఇంజనో కనిపెట్టండి

ప్రేమ, మిస్టరీ, సాహసం మూడూ ఉన్న నవలలోనూ లాగేది ఒక్కటే, మిగతా రెండూ పెట్టెలు. అట్ట మీది బొమ్మ చూసి నిర్ణయించకండి. అట్ట మీద ఇత్తడి కళ్లద్దాలు, గాలిఓడ అన్నిటికీ ఉంటాయి. మొదటి అధ్యాయం ఉచిత నమూనాగా ఈ-బుక్ దుకాణాల్లో దొరుకుతుంది, అది చదివి చివర మీ మనసులో మిగిలిన ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. "ఎవరు చేశారు?" అని మిగిలితే మిస్టరీ. "వీళ్లిద్దరూ ఒకరినొకరు ఎప్పుడు ఒప్పుకుంటారు?" అని మిగిలితే ప్రేమ. "అక్కడికి చేరతారా, తిరిగొస్తారా?" అయితే సాహసం.

చాలా నిరాశలకు మూలం ఇక్కడే ఉంది. ప్రేమకథ కోసం వచ్చినవాళ్లు చెరీ ప్రీస్ట్ రాసిన 'బోన్‌షేకర్' పట్టుకుంటే నొచ్చుకుంటారు. 2009లో వచ్చిన ఆ నవల నిజంగా గొప్పది, కానీ అది విషవాయువు కమ్మిన సియాటిల్ నగరంలో కొడుకును వెతుక్కుంటూ దిగిన తల్లి కథ. ప్రేమికులకు అందులో చోటు లేదు. అలాగే పజిల్ కోసం వచ్చినవాళ్లు ప్రేమ లాగే నవల పట్టుకుంటే, హంతకుడెవరో ముప్పాతిక కథకే తెలిసిపోయిందని విసుక్కుంటారు.

అడుగు 3: మొదటి పుస్తకం ఎంచుకోవడం

మా సలహా సూటిగా చెబుతాం. ఇంగ్లిష్ నవలలు పెద్దగా చదవని వాళ్లకు స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ రాసిన 'లెవియథన్' మొదటి పుస్తకం. 2009లో వచ్చింది. తర్వాతి భాగాలు 'బెహెమోత్' 2010లో, 'గొలయథ్' 2011లో. మొదటి ప్రపంచయుద్ధం మొదలవుతున్న యూరప్. ఒక పక్షం నడిచే ఇనుప యంత్రాలతో, మరో పక్షం జీవులను మలిచి పెంచిన ఓడలతో తలపడుతుంది. తల్లిదండ్రులు హత్యకు గురైన రాకుమారుడు అలెక్, మగవేషంలో వైమానిక దళంలో చేరిన డెరిన్ ఇందులో ముఖ్యులు. కీత్ థాంప్సన్ గీసిన బొమ్మలు పుస్తకం పొడవునా ఉంటాయి, యంత్రం ఊహకు అందకపోతే బొమ్మ అందిస్తుంది. హైడ్రోజన్ చిక్కుకు రచయిత ఇచ్చిన జవాబు కూడా ముచ్చటైనది: లీకులను వాసన పట్టే జంతువులు ఓడ నిండా తిరుగుతుంటాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లలూ చదవొచ్చు. ప్రేమ నెమ్మదిగా, మూడు భాగాల మీద పండుతుంది. ఆడియోబుక్‌ను నటుడు అలన్ కమ్మింగ్ చదివారు. పుస్తకం కళ్ల ముందు పెట్టుకుని మొదటి మూడు అధ్యాయాలు వింటే ఉచ్చారణ భయం పోతుంది.

ప్రేమ ముఖ్యమైతే గెయిల్ క్యారిగర్ రాసిన 'సోల్‌లెస్'. పాతికేళ్లు దాటినా పెళ్లికాలేదని అందరూ దెప్పే అలెక్సియా టారబొటి, కోపిష్టి లార్డ్ మాకన్. విందుకు వెళ్లి తిండి దొరక్క లైబ్రరీలో టీ తాగుదామనుకున్న ఆమె మీద మర్యాద తెలియని రక్తపిశాచి దాడి చేయడంతో కథ మొదలవుతుంది. ఆమెకు ఆత్మ లేదు, ఆమె తాకితే పిశాచాల శక్తి పోతుంది. ఆ నియమం ఒక్కటి గుర్తుంటే చాలు. సిరీస్‌లో ఐదు పుస్తకాలున్నాయి, వరుసగానే చదవాలి, ఎందుకంటే రెండోదాని ముగింపు నేరుగా మూడోదాంట్లోకి తోసేస్తుంది. శృంగార సన్నివేశాలు ఉన్నాయి, ఇంట్లో చిన్నపిల్లల చేతికి ఇచ్చేముందు గుర్తుంచుకోండి. మెల్జీన్ బ్రూక్ రాసిన 'ది ఐరన్ డ్యూక్' ఇంకా ముదురు. గాలిఓడలోంచి డ్యూక్ ఇంటి మీద పడిన శవం, దాన్ని పరిశోధించే మహిళా ఇన్‌స్పెక్టర్ మీనా. పరిశోధన పట్టుగా ఉంటుంది. కానీ స్త్రీ ఇష్టాన్ని లెక్కచేయని సన్నివేశం ఒకటుంది, అది ఇబ్బంది పెడుతుంది. మొదటి పుస్తకంగా వద్దు.

మిస్టరీకి ఇద్దరిని చెబుతాం. నటాషా పుల్లీ 'ది వాచ్‌మేకర్ ఆఫ్ ఫిలిగ్రీ స్ట్రీట్' 2015లో వచ్చింది. టెలిగ్రాఫ్ గుమాస్తా థానియెల్ గదిలో ఎవరో ఒక గడియారం వదిలి వెళతారు. నెలల తర్వాత లండన్ పోలీసు కేంద్రం స్కాట్లండ్ యార్డ్‌లో బాంబు పేలేముందు అది మోగి అతన్ని కాపాడుతుంది. 1884 మే 30న ఆ పేలుడు నిజంగానే జరిగింది. ఈ నవల తొందరపడదు, రోజుకు ఇరవై పేజీలకు మించి చదివితే దాని సున్నితత్వం జారిపోతుంది. పి. జెలీ క్లార్క్ కథలు దీనికి పూర్తిగా భిన్నం. 1912 నాటి కైరో, బ్రిటిష్ వాళ్లను తరిమేసిన ఈజిప్టు, జిన్నులూ యంత్రాలూ కలిసి తిరిగే వీధులు, సూటు వేసుకున్న మహిళా పరిశోధకురాలు ఫత్మా. 'ఎ డెడ్ జిన్ ఇన్ కైరో' (2016) ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. దానితో మొదలుపెట్టి, 'ది హాంటింగ్ ఆఫ్ ట్రామ్ కార్ 015' (2019), ఆపైన పెద్ద నవల 'ఎ మాస్టర్ ఆఫ్ జిన్' (2021) చదవండి. లండన్ టీ గదులు విసుగెత్తించేవాళ్లకు ముందు ఇదే ఇవ్వండి.

ఇవి హనుమకొండ, వరంగల్ పుస్తకాల షాపుల్లో అలమరలో ఉంటాయని ఆశించి తిరగకండి. ముందే ఆర్డరు చెప్పి తెప్పించుకోండి, లేదా ఈ-బుక్ కొనండి. హైదరాబాద్ వెళితే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకొచ్చు. కానీ అక్కడ సిరీస్ మధ్య భాగాలు ఎక్కువ దొరుకుతాయి, మొదటి భాగం కాకపోతే కొనకండి. వెర్న్, వెల్స్ పుస్తకాలకు కాపీరైట్ ఎప్పుడో తీరింది. 'ది టైమ్ మెషీన్' లాంటివి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం.

అడుగు 4: నోట్‌బుక్‌లో ఒకే ఒక పేజీ

మొదటి యాభై పేజీలు రెండు విడతల్లో ముగించండి. రోజుకు ఐదు పేజీలు చదివితే పాత్రలు కలవవు, వదిలేయడం ఖాయం. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో మనుషులు. ఒకే మనిషిని భార్య పేరు పెట్టి, సేవకుడు "మై లార్డ్" అని, మిత్రుడు బిరుదుతో పిలుస్తారు. ఈ పిలుపులన్నీ ఒకే వరుసలో రాయకపోతే ముగ్గురు మనుషులనుకుంటారు. రెండో గడిలో ఆ లోకపు నియమాలు: ఏం సాధ్యం, ఏం కాదు, దానికి ఏం ఖర్చవుతుంది. మూడో గడిలో జవాబు రాని ప్రశ్నలు, పేజీ నంబరుతో. యాభై పేజీలకు రెండో గడిలో మూడు నియమాలైనా రాలేదంటే ఆ రచయిత ఇంకా లోకాన్ని కట్టలేదన్నమాట, మరో ముప్పై పేజీలు చూసి వదిలేసినా తప్పు లేదు.

మాటల అర్థాల కోసం ప్రతి వాక్యానికీ ఆగకండి. మూడుసార్లు ఎదురైన మాటే వెతకండి. బట్టల పేర్లు, బండ్ల పేర్లు మాత్రం ముందే బొమ్మల్లో చూసేయండి: కార్సెట్, బజిల్, క్రవాట్, పారసోల్, హ్యాన్సమ్ క్యాబ్. డబ్బు లెక్క ఒకటి రాసి పెట్టుకోండి: 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండ్, గినీ అంటే 21 షిల్లింగులు. లంచమెంతో, జీతమెంతో తెలియకపోతే పాత్ర ఎందుకు తలవంచిందో అర్థం కాదు. 1957కు ముందు మనకూ రూపాయికి 16 అణాలే, ఆ లెక్క తెలిసిన పెద్దలున్న ఇళ్లలో ఇది కష్టం కాదు.

అడుగు 5: ప్రేమను చేతి తొడుగుల్లో చదవండి

విక్టోరియా కాలపు పెద్దింటి పెళ్లికాని అమ్మాయి తోడు లేకుండా పరాయి మగవాడితో ఒకే గదిలో ఉండటం పరువు తక్కువ. ఆ తోడును షాపరోన్ అంటారు. పరిచయం మూడోవ్యక్తి చేయాలి. ఇంటికి వచ్చినవాడు ముందు కార్డు లోపలికి పంపాలి. చేతి తొడుగు లేకుండా తాకడం పెద్ద మాట. కాబట్టి ఈ నవలల్లో ప్రేమ సంభాషణల్లో కంటే ఇలాంటి చోట్ల ఎక్కువ కదులుతుంది. యంత్రం బాగుచేయడానికి ఆమె తొడుగు విప్పుతుంది, గ్రీజు అంటిన వేళ్లతో స్పానర్ అందుకుంటుంది, అతను దాన్ని ఒక్క క్షణం ఆలస్యంగా వదులుతాడు. ఇందులో మూడు నియమాలు విరిగాయి. తొందరగా చదివేవాళ్లకు అక్కడ స్పానర్ ఒక్కటే కనిపిస్తుంది.

పెద్దల కంట పడకుండా చూపులతో మాట్లాడుకోవడం తెలిసిన సమాజం మనది. ఇక్కడి పాఠకులకు ఈ అడుగు అందరికంటే తేలిక. ఒక్క విషయంలో జాగ్రత్త: కథలో గాలిఓడ ఎక్కగానే నియమాలన్నీ మాయమైతే అది రచయిత సౌకర్యం. నియమం విరిగినప్పుడు ఎవరో ఒకరు దానికి మూల్యం చెల్లించే కథే నిలుస్తుంది.

అడుగు 6: మిస్టరీలో యంత్రానికి సాక్ష్యం అడగండి

నిజాయితీగల రచయిత, హత్యకు వాడిన పరికరాన్ని అంతకుముందే ఎక్కడో చూపిస్తాడు. అందుకని అవసరం లేకుండా వర్ణించిన ప్రతి యంత్రాన్నీ మూడో గడిలో రాసుకోండి. ఆపైన ప్రతిదానికీ మూడు సంగతులు చూడాలి: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, నూనె పెట్టేది ఎవరు, అది పనిచేసినప్పుడు చప్పుడు ఎవరికి వినబడాలి. ఆవిరి యంత్రం నిశ్శబ్దంగా నడవదు, చల్లారిన బాయిలర్ వెంటనే లేవదు, పెద్దదానికి పీడనం రావడానికి గంటలు పడుతుంది. హంతకుడు అర్ధరాత్రి ఇంజన్ వాడాడంటే సాయంత్రమే ఎవరో నిప్పు వేసి ఉండాలి. సేవకులను, కూలీలను పట్టించుకోని డిటెక్టివ్ ఇక్కడే తప్పుతాడు.

టెలిగ్రాం వేళలు, రైలు వేళలు కూడా నోట్ చేయండి. ఫోన్ లేని లోకంలో ఒక వార్త ఎవరికి ఎప్పుడు చేరిందన్నదే సగం పజిల్. చివరి అధ్యాయంలో ముందెన్నడూ లేని యంత్రం ఊడిపడి చిక్కు విప్పితే, అది మీ తెలివి లోపం కాదు. ఒకసారి మీ కాగితం వెనక్కి చూసి, సూచన నిజంగా లేదని తేలితే ఆ రచయిత తర్వాతి పుస్తకం కొనకండి.

సాహసం గురించి చెప్పవలసింది కొంచెమే. మ్యాపు దగ్గర పెట్టుకోండి. లండన్ కథలకు థేమ్స్ నది, ధనికుల మేఫెయిర్, పేదల వైట్‌చాపెల్ ఈ మూడూ గుర్తిస్తే దారి తప్పరు.

అడుగు 7: బొగ్గు ఎక్కడిదో అడగండి

మా దృష్టిలో ఇదే అసలు చదువు. ఇత్తడి మెరుపులో, పట్టు గౌన్లలో మునిగిపోయి చాలా నవలలు బొగ్గు తవ్వినవాడిని మరిచిపోతాయి. ఈ ప్రాంతంలో కూర్చుని చదువుతూ మనమూ మరిచిపోకూడదు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్-వాడి రైలు 1874లో నడిచింది, 1886కు దారి వరంగల్ చేరింది, కాజీపేట-బల్లార్షా మార్గం 1929కి పూర్తయింది. తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు నింపినవాళ్ల శ్రమ ఈ ఇళ్లలో పాత కబురు కాదు. లండన్‌లో గాలిఓడ ఎగిరే పేజీ చదువుతున్నప్పుడు దాని బొగ్గు, పత్తి, రబ్బరు ఏ వలస దేశం నుంచి వచ్చాయని మీ రెండో గడిలో రాయండి. జవాబు నవలలో ఉంటే అది లోతైన నవల.

ఈ కోణంలో ఒక పాత పుస్తకం తప్పక చూడాలి. జూల్స్ వెర్న్ 1880లో రాసిన 'ది స్టీమ్ హౌస్'. ఆవిరితో నడిచే ఇనుప ఏనుగు రెండు ఇళ్లను లాక్కుంటూ ఉత్తర భారతం మీదుగా పోతుంది. ఏనుగు వర్ణన అద్భుతం. కథ మాత్రం 1857 తిరుగుబాటును యూరోపియన్ కళ్లతోనే చూస్తుంది, నానాసాహెబ్‌ను పగబట్టిన రాక్షసుడిలా నిలబెడుతుంది. యంత్రాన్ని మెచ్చుకుంటూ, చూపును ప్రశ్నిస్తూ చదవాలి. దీని పక్కనే కాంగో నేపథ్యంలో నిసి షాల్ రాసిన 'ఎవర్‌ఫెయిర్' (2016) పెట్టుకుంటే, అణచివేతకు గురైనవాళ్ల చేతికి ఆవిరి దొరికితే ఏమవుతుందో కనబడుతుంది.

నలుగురు కలిసి చదివితే ఈ చర్చ బాగా సాగుతుంది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది, కలిసి చదివే అలవాటు ఈ ఊరికి కొత్త కాదు. వారానికి అరవై పేజీలు పెట్టుకుంటే మామూలు నవల ఆరు వారాల్లో అవుతుంది. ఒకరు మనుషుల గడి, ఒకరు నియమాలు, ఒకరు ప్రశ్నలు, ఒకరు బొగ్గు లెక్క చూసుకోవాలి. ముగింపు ముందే చదివినవాళ్లు ఆ వారం మాట్లాడకూడదన్నది మొదటిరోజే ఒప్పుకోండి.

అడుగు 8: ఆ తర్వాతే 'ది డిఫరెన్స్ ఇంజిన్'

విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి 1990లో రాసిన ఈ నవల పేరు అందరూ ముందు చెబుతారు, అందరూ ముందే పట్టుకుని దెబ్బతింటారు. కనీసం మూడు పుస్తకాలయ్యాకే తెరవండి. చార్లెస్ బాబేజ్ 1822లో మొదలుపెట్టిన లెక్కల యంత్రం ఆయన కాలంలో పూర్తికాలేదు. లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు ఆయన రెండో నమూనా ప్రకారం 1991లో కట్టి చూపితే పనిచేసింది. నవలలో అది అప్పుడే విజయం సాధించింది, కవి బైరన్ ప్రధానమంత్రి, 1855 నాటి లండన్ కంప్యూటర్లతో నిండి ఉంది. కథంతా ఒక పెట్టెలోని పంచ్‌కార్డుల (ఆ యంత్రానికి ఆదేశాలిచ్చే రంధ్రాల అట్టల) వెంట పరుగు.

ఇందులో పాఠకులు జారిపోయే చోటు స్పష్టంగా తెలుసు. నవల అధ్యాయాలకు బదులు "ఇటరేషన్" అనే భాగాలుగా ఉంటుంది. మొదటి భాగంలో సిబిల్ జెరార్డ్‌కు అలవాటు పడగానే ఆమె కనుమరుగై, మాలరీ అనే శాస్త్రవేత్త ముందుకొస్తాడు, ఆ తర్వాత ఒలిఫెంట్. పాత్ర మారిందని కంగారుపడొద్దు, ఆ కార్డుల పెట్టె ఎవరి చేతిలో ఉందో మాత్రం రాస్తూ పోండి, దారం తెగదు. చివర "మోడస్" అనే భాగం కథలా ఉండదు, ఉత్తరాలు, నివేదికలు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. దాన్ని ఒకే విడతలో చదవండి, ఆ వెంటనే మొదటి భాగంలోని మొదటి పేజీకి తిరిగి వెళ్లి, వృద్ధురాలైన సిబిల్‌ను అక్కడ ఎవరు చూస్తున్నారో గమనించండి.